తడి ఆరేలోపు

తడిగా ఉన్నంతసేపూ ఏ మరకా కనిపించదు. బట్టంతా ఒకటే రంగులో ఉంటుంది, హమ్మయ్య పోయింది అని మనసు తొందరపడుతుంది, ఆరేటప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. లాండ్రీకి వచ్చేవాళ్ళకి ఆమె ఈ మాట రోజూ చెబుతూనే ఉంటుంది, కంగారు పడకండి, ఆరనివ్వండి, ఆరాక మాట్లాడుకుందాం అని. ఇప్పుడు వినేవాళ్ళెవరూ లేక తనకి తానే చెప్పుకుంటోంది. తన దుకాణం వెనక రేకుల షెడ్డులో, చెల్లెలు తెచ్చి వదిలిన, రెండు తలుపులూ బార్లా తెరిచిన పాత ఆకుపచ్చ కారు పక్కన, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, టేబుల్ ఫ్యాన్ గాలి సరిగ్గా ఎడమ సీటు మీదికి కొట్టేలా తిప్పి పెట్టి, బూడిద నీలం గళ్ళ బట్ట ఏ మూల నుంచి తెల్లబడుతుందా అని చూస్తోంది. సీట్లు కుట్టే మాస్టారు టీ తాగడానికి వెళ్తూ వెళ్తూ, తను తెచ్చిన కొత్త బట్ట చుట్టని కారు ముక్కు మీద పెట్టి, దాని మీద కత్తెర కూడా పెట్టి మరీ వెళ్ళాడు. "ఒక్క గంటేనమ్మా. గంటలో ఆ మరక పోయిందా, మీ బట్ట మీకుంటుంది. పోలేదా, చింపేసి నా బట్ట వేస్తాను. మళ్ళీ ఇంకో గంట, ఇంకో సబ్బు అనకూడదు, ముందే చెబుతున్నా." కొత్త బట్ట కూడా గళ్ళదే, పాతదానికి దగ్గర్లో ఉన్నదే వెతికి తెచ్చాడు పాపం, అయినా కొత్తగా వచ్చిన చుట్టంలా బిగదీసుకుని మెరుస్తోంది. దానికేం, మంచి బట్టే. కానీ నాన్న పక్కన కూర్చున్న బట్ట అది కాదు.

సాయంత్రం అమ్మ వస్తుంది. అమ్మకి ఇన్నాళ్ళకి ఈ కారెక్కాలనిపించింది. పోయినవారం చెల్లెలింట్లో అన్నాలు తింటుంటే, ఉప్పు అందుకున్నంత మామూలుగా అంది, "నేనొకసారి ఆ కారెక్కుతానర్రా" అని. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "ఎన్నాళ్ళకి గుర్తొచ్చిందే అమ్మా నీ వంతు!" అని చిన్నది పగలబడి నవ్వింది. అమ్మ నవ్వలేదు. "ముందు ఆ సీటు గుడ్డ మార్పించండి. ఆ మరక మీద నేను కూర్చోను" అంది. మార్చొద్దు, నేను శుభ్రం చేస్తాను, మరకలు తియ్యడమేగా నా బతుకు అని తనంటే, "ఎందుకే పెద్దదానా నీకా చాకిరీ, చింపి పారెయ్యమంటే సరిపోయె" అంది. ఆ మాట అప్పటితో వదల్లేదు, మర్నాడు ఫోన్‌లో అంది, మొన్న చిన్నదాని చేత అనిపించింది. తన తప్పు తన కళ్ళబడకుండా చెయ్యాలని అమ్మ తాపత్రయం, పిచ్చి తల్లి, అనుకుంది ఆమె. అందుకే ఇంకా పట్టుదల వచ్చింది. తను చేసిన మరక తన చేత్తోనే పోవాలి. నాన్న పోయి ఇన్నేళ్ళయ్యాకనైనా పోవాలి.

కారు ఇంటికొచ్చిన రోజు వీధి వీధంతా నవ్వింది. నాన్నకి కళ్ళజోళ్ళ దుకాణం. దుకాణంలో నెమ్మది మనిషి, ఇంట్లో అంతకన్నా నెమ్మది, అద్దాలు తుడిచినట్టే మాటల్నీ తుడిచి తుడిచి ఒకటో రెండో బయటపెట్టేవాడు. అలాంటి మనిషి ఎవరో వదిలించుకున్న స్పోర్ట్స్ కారు తెచ్చాడు. నేలకి ఆనుకున్నట్టుండేది, పొడుగాటి ముక్కు, మడిచే గుడ్డ పైకప్పు, రెండంటే రెండే సీట్లు. ఇంట్లో నాయనమ్మతో కలిపి ఐదుగురు. మిగతా ముగ్గురినీ డిక్కీలో వేస్తారా ఏమిటండీ అని ఎదురింటాయన గోడ మీద నుంచి అడిగాడు. నన్ను మాత్రం దాన్లో ఎక్కించకురా నాయనా, అందులో కూలబడితే మళ్ళీ నలుగురొచ్చి లేపాలి అని నాయనమ్మ మంచం మీద నుంచే దణ్ణం పెట్టేసింది. అలా వంతులు మొదలయ్యాయి. ఒక ఆదివారం పెద్దది, తర్వాతి ఆదివారం చిన్నది, ఆ తర్వాత అమ్మ. అమ్మ వంతు వచ్చేసరికి ఏదో ఒకటి అడ్డొచ్చేది. నాయనమ్మకి స్నానం చేయించాలి, లేకపోతే తలనొప్పి, లేకపోతే నాకు గాలి పడదు, పిల్లల్ని తిప్పండి. ఆ మిగిలిపోయిన వంతు కోసం అక్కాచెల్లెళ్ళు జుట్లు పట్టుకునేవాళ్ళు. అమ్మకి ఎక్కాలని లేదనే అనుకున్నారందరూ. అడిగిందెవరు, అడగడానికి ఎవరికి తోచింది, వద్దంటోంది కాబట్టి వద్దు, అంతే. తనకీ ఇప్పుడు ఇంట్లో ఎన్ని వద్దులు అలాగే చెల్లిపోవడం లేదు. చివరి అట్టు నాకొద్దు, కిటికీ పక్క సీటు నాకొద్దు. ఒకసారి వద్దంటే చాలు, ఇంక జన్మలో అడగరు.

ఆ సీట్లో కూర్చుంటే నాన్న వేరే మనిషి. ఇంట్లో మూడు రోజుల్లో మాట్లాడేది ఊరి చివర మలుపు తిరిగేలోపు మాట్లాడేసేవాడు. ఎండలో దూరంగా రోడ్డు తడిసినట్టు ఎందుకు కనిపిస్తుంది, వెలుతురు ఎలా వంగుతుంది, ఈ ఇంజను ఎప్పుడు దగ్గుతుంది, ఎప్పుడు పాడుతుంది. పెద్దదాని చేతిని గేరు రాడ్ మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి, "విను. ఇప్పుడు అడుగుతోంది చూడు, మార్చమని" అనేవాడు. తను ఊపిరి బిగబట్టి వినేది, అడుగుతున్నట్టే ఉండేది, ఇప్పుడా నాన్నా అనేది, ఇప్పుడే, రెండు చేతులూ కలిసి ఒక్క తోపు, కారు పొట్టలో ఏదో సర్దుకుని ముందుకి దూకేది. "నీకు చెవి ఉంది పెద్దదీ. కాళ్ళు అందనీ, నీకు నేర్పడం ఒక్క పూట పని." ఆ మాట తిరుగుదారి అంతా నోట్లో చప్పరించుకుంటూ వచ్చేది. ఇంటికొచ్చాక చిన్నదానికి చెప్పలేదు, చెబితే అరిగిపోతుందని. ఇప్పుడు భర్త లాండ్రీ వ్యాను నడుపుతుంటే పక్కన మూటల్లో ఇంకో మూటలా కూర్చుని ఊరంతా తిరిగి బట్టలిచ్చి వస్తుంది. ఆయన గేరు మార్చడం ఆలస్యం చేసినప్పుడల్లా ఆమెకి లోపల ఎక్కడో వినిపిస్తూనే ఉంటుంది, అడుగుతోంది, అడుగుతోంది, మార్చరేం అని. పైకి అనదు. నడపడం రానిదానివి నీకేం తెలుసంటాడు. నిజమే కదా.

ఫోన్ మోగింది. అమ్మ. "ఆరిందా?"

"ఇంకా లేదమ్మా. ఇప్పుడేగా తడిపింది."

"నేను చెప్పానా చింపించెయ్యమని. ఆ మాస్టారు వచ్చి కూడా ఖాళీగా కూర్చున్నాడా?"

"టీకి వెళ్ళాడు. నీకెందుకంత తొందర? నీ వంతు ఎక్కడికీ పోదులే."

అవతల అమ్మ ఏదో అనబోయి మానేసింది. తర్వాత, "సరేలే, ఎండలో కూర్చోకు" అంది. ఎండ ఎక్కడుంది, షెడ్డులో ఉంటే. అమ్మ ఎప్పుడూ అంతే, మాట ఒకటి మింగితే దాని బదులు ఒక జాగ్రత్త చెబుతుంది.

మరక బయటపడింది సోమవారం పొద్దున. ముందురోజు ఆదివారం పొద్దున తన వంతు. కారులో తినకూడదు, తాగకూడదు, అది నాన్న పెట్టిన ఒకే ఒక్క ఆంక్ష. ఆ ఆదివారం మాత్రం తను బతిమాలగా బతిమాలగా చాక్లెట్ ఐస్‌క్రీమ్ కోన్ కొనిచ్చి, ఈ ఒక్కసారికే, ఒక్క చుక్క కింద పడకూడదు సుమా అన్నాడు. మర్నాడు పొద్దున్నే దుమ్ము తుడవడానికి వెళ్ళి, తలుపు తీసి, అలాగే నిలబడిపోయాడు. సీటు అంచున, గేరు వైపు, అరచెయ్యంత గోధుమరంగు. పిలిచాడు. కేకలెయ్యలేదు, నాన్న ఎప్పుడూ కేకలెయ్యడు, అదే వచ్చిన చిక్కు. "మరక పడితే పడిందిలే. నిజం చెప్పు చాలు." నేను కాదు నాన్నా అంది. మళ్ళీ అడిగాడు, మళ్ళీ కాదంది. నిజం చెప్పేదాకా వంతు లేదన్నాడు. తన వంతులు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోతుంటే, చిన్నది గాలికి రేగిన జుట్టుతో దిగి వస్తుంటే, గుమ్మంలో కూర్చుని చూసి చూసి, ఒకరోజు సాయంత్రం దుకాణం నుంచి రాగానే ఎదురెళ్ళి నేనే నాన్నా అనేసింది. అంటే అయిపోతుందనుకుంది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "మరి ఇన్ని రోజులూ అబద్ధమెందుకు చెప్పావు?" అన్నాడు. మరక చేసిన పిల్ల కాస్తా ఆ ఒక్క మాటతో అబద్ధాలకోరు అయిపోయింది. అమ్మ వంటింటి గుమ్మంలో చేతిలో కంచంతో నిలబడి ఉంది. "పోనివ్వండి, చిన్నపిల్ల" అంది. ఆ ఇంట్లో ఆ పూట తన తరఫున లేచిన గొంతు అదొక్కటే. దాన్ని ఇన్నేళ్ళూ దాచుకుంది, పెట్టె అడుగున పట్టుబట్ట దాచుకున్నట్టు.

బట్ట ఉతకనివ్వలేదు నాన్న. ఉండనీ, చూసినప్పుడల్లా గుర్తుంటుంది అన్నాడు. ఎవరికి గుర్తుండాలో చెప్పలేదు. వంతు మళ్ళీ వచ్చింది, రాకేం, ఆదివారాలు మళ్ళీ వచ్చాయి. తను అటువైపు ఒత్తిగిలి, మరక మీద గౌను పరుచుకుని కూర్చునేది. ఊరి చివర మలుపు వచ్చేది, వెళ్ళిపోయేది. తన చెయ్యి ఒళ్ళోనే ఉండేది. కాళ్ళు అందాయి, నేర్పలేదు, తను అడగలేదు, చిన్నదానికి అందినప్పుడు చిన్నదానికి నేర్పాడు, పోయేముందు కారు చిన్నదానికి రాశాడు, న్యాయమే, నడపడం వచ్చినవాళ్ళకేగా ఇవ్వాలి. చిన్నది మంచిది. నీక్కూడా సగం హక్కుందే అక్కా అంటుంది. సగం కారుతో ఏం చేసుకోను, నీ ముక్కు వైపు సగమా, డిక్కీ వైపు సగమా అని నవ్వించేసింది.

అయితే ఒక సంగతి ఉంది. ఆ కోన్ తనకి కనిపిస్తుంది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే చాలు. ఎండకి కరిగి, అంచు మీద నుంచి జారి, మణికట్టు మీదుగా, మోచేతి దాకా చల్లగా పాకి, అక్కడ వేలాడి, బొట్టుగా పడుతుంది. గళ్ళ మీద పడి ఇంకుతుంది. తను దాన్ని గౌనుతో కప్పేస్తుంది. అంత స్పష్టంగా కనిపించేది అబద్ధమెలా అవుతుంది. మొదట కాదన్నది భయంతో అన్నది, తర్వాత ఔనన్నదే నిజం, నాన్న అన్నది సబబే, తను అబద్ధమే చెప్పింది, ఎప్పుడో ఒప్పేసుకుంది ఆ సంగతి. లాండ్రీ పెట్టింది కూడా అందుకేనేమో అని ఒక్కోసారి నవ్వుకుంటుంది. ఊళ్ళో మరకలన్నీ తన బల్ల మీదికే రావాలని ఎవరు రాసిపెట్టారో. వచ్చినవాళ్ళని మొదట అడిగేది అదే, ఏం పడింది, ఎప్పుడు పడింది. సగంమంది నిజం చెప్పరు. నూనె పడిందంటారు, చూస్తే మందు. ఏదో రంగంటారు, చూస్తే నెత్తురు. తెలియదు, కొన్నప్పటి నుంచి ఉందంటారు. ఆమె వాళ్ళ మొహం చూడదు. బట్టనే ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, వేళ్ళతో నలుపుతుంది, మూల మీద ఒక చుక్క ఏదైనా వేసి చూస్తుంది, ఆ తర్వాతే చెయ్యి వేస్తుంది. దేనికి ఏది తగలాలో దానికదే తగలాలి. పాలు, కొవ్వు, తీపి ఉన్నవాటికి సోడా, గోరువెచ్చటి నీళ్ళు. కాఫీ, టీ లాంటివాటికి పులుపు, వెనిగర్ చుక్క. అటుది ఇటు చేశావా, అంతే సంగతులు, ఉన్నది ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. పనికొచ్చిన అమ్మాయిలందరికీ మొదటి రోజే చెప్పే పాఠం ఇది.

ఈ సీటుకి మాత్రం ఆ పరీక్ష చెయ్యలేదు. ఏం పడిందో తనకి తెలుసు కదా. తన మోచేతి మీద నుంచే కదా పడింది. సోడా కలిపి ముద్దగా పట్టించింది, నానబెట్టింది, గోరువెచ్చటి నీళ్ళతో తడిపి, తెల్ల తువ్వాలు పెట్టి అరచేతులతో అదిమి అదిమి తీసింది.

అంచులు తెల్లబడుతున్నాయి. వీపు ఆనే చోట గళ్ళు విడివిడిగా కనిపిస్తున్నాయి, బూడిదరంగు బూడిదరంగుగా, నీలం నీలంగా, నాన్న కొన్ననాటి బట్టలా ముచ్చటగా. కుట్ల వెంట తేమ వెనక్కి జరుగుతోంది. ఇంకా ఇటు, ఇంకా ఇటు. గేరు వైపు అంచు మాత్రం అలాగే ఉంది. తడి ఎక్కువ తాగి ఉంటుంది, అడుగున స్పాంజి కదా, అది తాగినదాన్ని దాచుకుని దాచుకుని మెల్లగా పైకి పంపుతుంది అనుకుంటూ లేచి, వేలితో తాకి చూసింది. తడి లేదు. ఆరిపోయింది. ఆరిపోయే అలా ఉంది. మరక పోలేదు సరికదా, ముదిరింది. పసుపు తిరిగిన ముదురు గోధుమరంగు, అంచు చుట్టూ గీత గీసినట్టు. తువ్వాలు తీసి చూసింది. చాక్లెట్ అయితే జిడ్డు దిగాలి, వేళ్ళకి తెలియాలి, అదేం లేదు. పల్చటి గోధుమరంగు నీళ్ళు, అంతే. ఫ్యాన్ గాలికి ఏదో వాసన వచ్చిపోతోంది ఇందాకటి నుంచీ. సబ్బు వాసన కింద నుంచి, పాత తోలు, పెట్రోలు వాసనల కింద నుంచి. తన ఫ్లాస్కేమో అనుకుంది, మూత సరిగ్గా పెట్టలేదేమోనని వెళ్ళి చూసింది, బిగించే ఉంది. వెనక్కి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, రోజూ పరాయివాళ్ళ బట్టలకి చేసే పనే, జీవితంలో మొదటిసారి ఈ సీటుకి చేసింది. ముక్కు ఆనించింది.

కాఫీ.

కారులో నాన్న కాఫీ తాగడు. నాన్న అసలు కాఫీయే తాగడు. ఇంట్లో కాఫీ తాగేది ఒక్కరే, ఆ ఒక్కరికీ కడుపులో పుండని డాక్టరు మాన్పించేశాడు. మానేసింది కూడా, అందరూ మెచ్చుకున్నారు, ఎంత నిగ్రహం అని. మానేసినావిడ, మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీసే వేళ, చీపురు కోసమనో కట్టెల కోసమనో పెరట్లో కారు పెట్టే షెడ్డుకి వెళ్ళేది. చీపురు తెచ్చేది కాదు. ఒకసారి తను బడి నుంచి తొందరగా వచ్చి వెతుక్కుంటూ వెళ్తే షెడ్డు తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. ఇంటి మొత్తంలో లోపలి నుంచి గడియ పడే తలుపు స్నానాల గది కాక అదొక్కటే. అమ్మా అని పిలిస్తే కాసేపటికి తీసింది, పమిట సర్దుకుంటూ, ఒక చెయ్యి వెనక పెట్టుకుని. ఏం చేస్తున్నావమ్మా అంటే, ఎలకలున్నాయే, చూస్తున్నా అంది. రాత్రి పక్కలో పడుకుంటే అమ్మ దగ్గర పెట్రోలు వాసన, కాఫీ వాసన కలిసి వచ్చేవి. అది అమ్మ వాసన అనుకుంది తను. అందరి అమ్మలూ అలాగే ఉంటారనుకుంది. ఇవన్నీ ఎక్కడో మారుమూల పడి ఉన్నవి, ఎవరూ తీసుకెళ్ళని దుప్పట్లలా. ఇప్పుడు ఒకదాని మీద ఒకటి బల్ల మీదికి వచ్చి పడుతున్నాయి.

అయితే అమ్మకి తెలుసు. ఆ సోమవారం తెలుసు. తను గుమ్మంలో కూర్చున్న ఆదివారాలన్నీ తెలుసు. నేనే నాన్నా అన్న సాయంత్రం కంచం పట్టుకుని నిలబడినప్పుడు తెలుసు. పోనివ్వండి, చిన్నపిల్ల. ఆ మాట, ఇన్నేళ్ళు పట్టుబట్టలా దాచుకున్న మాట. వెళ్ళి మళ్ళీ బకెట్ మీద కూర్చుంది. ఆ తర్వాత అమ్మ తనకి జడ వేసేటప్పుడు ఎంతసేపు దువ్వేదో గుర్తొచ్చింది. మీగడ తనకే వేసేది, చిన్నది ఏడ్చినా. లాండ్రీ పెడతానంటే ఇంట్లో అందరూ ముఖం చిట్లించినా, అమ్మ మాత్రం తన గాజులు తీసి చేతిలో పెట్టి నోరెత్తకు అంది. పెద్దదంటే ప్రాణం ఆవిడకి అని చుట్టాలంతా అనుకునేవాళ్ళు. ప్రాణమేనా? లేక మరక మీద వేసిన తువ్వాలా అదంతా? ఇప్పుడు ఎలా విడదీస్తావు, ఏది ప్రేమో ఏది పరిహారమో. ఏ సోడాతో, ఏ పులుపుతో. నాన్న ఉంటే వెళ్ళి చెప్పేది. ఏం చెప్పేది? నేను కాదు నాన్నా. మొదట అన్నదే. నాన్న లేడు. తను అబద్ధాలకోరు కాదని ఈ లోకంలో తెలియాల్సిన ఒక్క మనిషీ లేడు, తెలిసిన ఒక్క మనిషీ నోరు విప్పలేదు.

ఫ్యాన్ తిరుగుతోంది. కోపం వస్తూనే ఉంది, వచ్చి అక్కడే ఉండిపోవడం లేదు, అదే విసుగ్గా ఉంది. కోపం పక్కన ఆ షెడ్డు కూడా కనిపిస్తోంది. నాయనమ్మ పిలుపుకీ పిలుపుకీ మధ్య చిక్కిన కాసేపు, గడియ, చీకటి, కదలని కారు, నడిపేవాళ్ళు లేని సీటు పక్కన అమ్మ, చేతిలో వద్దన్న కాఫీ. గాలి పడదన్న మనిషి, గాలి లేని చోట తన వంతు తను తీసుకుంటోంది. ఆ సంగతి బయటపడితే కాఫీ పోవడం ఒక్కటే కాదు, ఆ గడియ పోతుంది. తను మధ్యాహ్నం షట్టరు సగం దించి, వెనక గదిలో ఎవరూ తీసుకెళ్ళని దుప్పట్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చునే ఆ కాసేపు గురించి ఆయనకి తెలుసా? పిల్లలకి తెలుసా? తెలిస్తే ఏమవుతుంది, ఏమీ కాదు. అయినా చెప్పలేదు. చెప్పదు. అయినా సరే. తను ఆ దుప్పట్ల కోసం ఇంకొకరిని గుమ్మంలో కూర్చోబెట్టలేదు. అయినా సరే అమ్మా. చిన్నపిల్లని. కాళ్ళు అందని పిల్లని.

బీరువా పై అరలో వెనిగర్ సీసా ఉంది. ఆమె లేచి తెచ్చింది. సోడా తగిలి కరుచుకున్నా సరే, తన చేతిలో పడ్డాక పోక ఏం చేస్తుంది, ఓపిగ్గా చుక్క చుక్క వేసుకుంటూ అదిమితే మాస్టారు వచ్చేలోపు గళ్ళు గళ్ళలా అవుతాయి. అమ్మ వస్తుంది, శుభ్రమైన బట్ట మీద కూర్చుంటుంది, ఇక ఎవరికీ ఏమీ తెలియదు. మూత తిప్పింది. పుల్లటి వాసన గుప్పుమంది, కాఫీ వాసన దాని వెనక్కి పోయింది. పోవడం చూసి ఆమె చప్పున మూత బిగించేసింది.

"ఏమైందమ్మా?" మాస్టారు మీసాలు తుడుచుకుంటూ వచ్చి, కారులోకి వంగి చూసి, నాలుక చప్పరించాడు. "నేను చెప్పలా? ఇందాకటి కంటే నల్లబడింది."

"పోదు మాస్టారూ. ఇది పోయే రకం కాదు" అంది ఆమె. బట్టల విషయంలో ఆమె పలికిన మొదటి అబద్ధం అది. ఎంత తేలిగ్గా వచ్చిందో.

"అయితే కానిద్దామా?" కత్తెర తీశాడు.

"వద్దు. ఉండనివ్వండి."

"ఉంచడమేంటమ్మా? గంట పందేనికి ఒప్పుకుంది మీరే, ఓడింది మీరే, మళ్ళీ ఉంచమనేదీ మీరేనా? నేను బట్ట మోసుకుని మూడు వీధులు నడిచొచ్చింది టీ తాగడానికా?"

అప్పుడే చిన్నదాని కారు వీధిలో ఆగింది. అమ్మని చెయ్యి పట్టి సందులోంచి నడిపించుకొస్తూనే చిన్నది మొదలెట్టింది, "ఏమక్కా, గెలిచావా ఓడావా?" అని. మాస్టారు నన్నడగండి చెబుతా అని అందుకున్నాడు. ఇద్దరూ కొత్త బట్ట చుట్ట పట్టుకుని, రంగు వెలుతురులో చూద్దాం రండి అంటూ వీధిలోకి పోయారు. అమ్మ షెడ్డు మధ్యలో ఆగిపోయింది. శాలువా కప్పుకుని, చిన్నగా, ఒకవైపు ఒరిగి. సీటు వైపు చూడలేదు. కారు ముక్కునీ, దీపాల్నీ, పైకప్పునీ చూసింది.

"కూర్చో అమ్మా. ఇటు అంచు కాస్త చెమ్మగా ఉందేమో, అటు జరిగి కూర్చో" అంది ఆమె. ముసలి నడుముకి అంత కిందికి దిగడం కష్టమే. ఒక చెయ్యి తను పట్టుకుంది, రెండో చెయ్యి అమ్మ తలుపు మీద ఏదో పిడి కోసం వెతక్కుండానే సరిగ్గా దాని మీదే వేసి, ఒడుపుగా వంగి, కాళ్ళు లోపలికి లాక్కుని, సర్దుకుని కూర్చుంది. ఎప్పుడూ ఎక్కని కారులోకి. ఆమె వెళ్ళి ఫ్లాస్కులోని కాఫీ గ్లాసులో పోసి తెచ్చి అమ్మ చేతికిచ్చింది. అమ్మ తీసుకుని ఒక గుక్క తాగింది, భుజం మీద నుంచి శాలువా జారుతోందని, అది సర్దుకోవడానికి గ్లాసు పక్కన పెట్టింది. చూడకుండా పెట్టింది. చెయ్యి దానంతటదే వెళ్ళి, సీటు అంచున, గేరు వైపు, ఆ మరక మధ్యలో పెట్టి వచ్చేసింది.

శాలువా సర్దుకోవడం సగంలో ఆగిపోయింది. అమ్మ ఆ గ్లాసు వంకే చూస్తోంది. బయట చిన్నది ఇది మరీ నీలం మాస్టారూ అంటోంది.

"వాసన వచ్చిందా?" అంది అమ్మ చివరికి.

"వచ్చింది."

"రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నానే. ఈలోపు నేనే చేశాను నాన్నా అని నువ్వు ఒప్పేసుకున్నావు." గొంతులో ఏడుపు లేదు. ఎన్నోసార్లు లోపల అనుకుని అనుకుని అరిగిపోయిన మాటలా వచ్చింది. "అప్పుడు ఇంక నోరు రాలేదు."

ఆమె కారు ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళి, నాన్న సీటు తలుపు తీసి, అందులో కూర్చుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కూర్చోలేదు. కాళ్ళు అందాయి. ఎప్పుడో అందాయి. పర్వాలేదమ్మా అనాలని నోటి దాకా వచ్చింది, అనలేదు. పర్వా ఉంది. ఎదురుగా అద్దంలోంచి రేకుల గోడని చూస్తూ అంది, "నాకు గుర్తుంది అమ్మా. ఐస్‌క్రీమ్ కారడం, మోచేతి మీద నుంచి బొట్టు పడడం. నా కళ్ళతో చూసినట్టు గుర్తుంది."

"ఎక్కడ పడిందే?" అమ్మ తల తిప్పి ఆమె వైపు చూసింది. "కోన్ చివరిముక్క కూడా తినేసి వచ్చావు ఆరోజు. చెయ్యి కడుగుతానంటే, చూడమ్మా, కడగక్కర్లేదు, ఒక్క చుక్క పడలేదు, నాన్న చెప్పినట్టే తిన్నాను అని రెండు చేతులూ చాపి చూపించావు. నీ గౌను నేనే విప్పాను. తెల్లగౌను. ఎక్కడా ఏమీ లేదు."

తెల్లగౌను. అవును, తెల్లది. ఆమె చూస్తూ ఉండగానే జ్ఞాపకంలోని ఆ బొట్టు మోచేతి దగ్గర ఆగింది, మణికట్టుకి ఎక్కింది, కోన్ అంచుకి చేరింది, ఇంకెక్కడా లేదు. తన రెండు చేతులూ ఒళ్ళోంచి తీసి చూసుకుంది, సోడాకి ముడతలు పడి, గోళ్ళ దగ్గర పాలిపోయి ఉన్నాయి. ఎడమ చేతిని తీసుకెళ్ళి గేరు రాడ్ మీద పెట్టింది. కాసేపటికి అమ్మ చెయ్యి దాని దగ్గర దాకా వచ్చి, పైన వెయ్యాలో వద్దో తెలియనట్టు ఆగి, గ్లాసు అందుకుని వెనక్కి వెళ్ళింది.

"ఇంకా బయల్దేరలేదా మీరు? అక్కా, నువ్వు దిగితేగా నేను నడిపేది!" చిన్నది వీధిలోంచి కేకేసింది.

అమ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "ఇది తాగేదాకా ఆగమను" అంది నెమ్మదిగా. "ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యవే."

ఆమె దిగి వెళ్ళి షెడ్డు తలుపు దగ్గరికి లాగింది. బయట నిలబడి లాగాలా, లోపల నిలబడి లాగాలా అని ఒక్క క్షణం ఆగింది. లోపలి నుంచి గడియ పెట్టి, వచ్చి నాన్న సీట్లో కూర్చుంది.